జర జరుగుండ్రి

పోయిన వారం మా గల్లీ మొదట్లో కరెంటు స్తంభానికి ఒక ఫ్లెక్సీ కట్టారు. సంవత్సరీకం ఫ్లెక్సీ. పొద్దున నా కుట్టు షాపు షట్టరు ఎత్తుతూ దాని మీద పెద్ద అక్షరాల్లో ఉన్న పేరు చదివి, ఎవరబ్బా ఈయన, మన గల్లీలో ఎప్పుడు పోయాడు అనుకున్నాను. ఆ తర్వాత దండ వేసిన ఫోటో వైపు చూశాను. కండక్టర్ సాబ్.

ఆయనకు అంత నిండైన పేరు ఉందని నాకు అప్పటిదాకా తెలియదు. మెదక్‌లో మా గల్లీలో ఎవరికీ తెలియదు. ఆ పేరు ఇక్కడ రాయను. బతికుండగా ఎవరైనా ఆ పేరు పెట్టి పిలిచినా ఆయన తిరిగి చూసేవాడని నాకు నమ్మకం లేదు.

ఆయనకూ మా పేర్లు తెలియవు. సర్వీసంతా నర్సాపూర్ మీదుగా పట్నం పోయే బస్సుల్లోనూ, రామాయంపేట బస్సుల్లోనూ తిరిగిన మనిషి. ఎవరు ఎక్కడ దిగుతారో గుర్తుపెట్టుకోవడమే తప్ప పేరు అడగడం అలవాటు లేదు. నాది శంకరంపేట కాబట్టి నన్ను శంకరంపేటా అని పిలిచేవాడు. ఇస్త్రీ డబ్బా అతను రామాయంపేట. ఎదురింట్లో రిటైరైన తెలుగు సారు నర్సాపూర్ సార్. "మా అమ్మ పెట్టిన పేరున్నది సాబ్ నాకు" అని ఒకసారి గుర్తుచేశాను. "ఉంటది తియ్యి. యాద్‌కుండాలె గద" అన్నాడు. మరునాడు మళ్లీ శంకరంపేటా అనే పిలిచాడు. నేనూ ఊరుకున్నాను. జాకెట్ల చంకలు సరిచేసుకోవడానికే ఓపిక చాలదు, పేరు సరిచేయించుకునే ఓపిక ఎక్కడిది.

రిటైరైనా ఆయన ఒళ్లు బస్సు దిగలేదు. నా షాపు ముందు నిలబడి మాట్లాడేటప్పుడు కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చెయ్యి పైకెత్తి షట్టరు అంచు పట్టుకునేవాడు. నేల ఎప్పుడు కుదుపు ఇస్తుందో అన్నట్టు ఉండేది ఆ నిలబడటం. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. "కూసుంటె సోయి తప్పుతది" అనేవాడు. మాటలు అయిపోయాయనుకుంటే నా మిషను బల్ల మీద రెండుసార్లు తట్టి "రైట్" అనేవాడు. అంతే, వెళ్లిపోయేవాడు. నేను మాట మధ్యలో ఉన్నా సరే.

ఇక ఆయన నోట్లో జర లేని మాట ఉండేది కాదు. జర నీళ్లియ్యి. జర టైమెంతైందో చెప్పు. జర ఆ ఫ్యాన్ వెయ్యి. మా వైపు అందరం అంటాం ఆ మాట. కొంచెం అని ఒక అర్థం, దయచేసి అని ఇంకో అర్థం, ఏ అర్థమూ లేకుండా ఊరికే వచ్చేది కూడా ఉంది. ఆయనది మాత్రం అరిగిపోయిన జర. "సర్వీసంత ఒక్కటే మాట ఒర్రిన శంకరంపేటా. జర జరుగుండ్రి, జర ముంగటికి జరుగుండ్రి అని. ముంగట జాగ ఉంటది, జనం ఎన్క డోరు కాడనే గుంపు కడతరు. ఒక్కలంటె ఒక్కలు జరగలే." ఇది నాకు ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. కోపంగా చెప్పేవాడు కాదు. అలసిపోయి చెప్పేవాడు. వినీ వినీ నాకూ అలసట వచ్చేది.

ఆయన భార్య పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. ఒకరోజు పట్నం నుంచి ఆయన బామ్మర్ది కొడుకు కారులో వచ్చి, అట్టపెట్టెలోంచి ఒక కుక్కను దించాడు. గోధుమరంగు, బారెడు ఒళ్లు, బెత్తెడు కాళ్లు. కడుపు నేలకు తగిలీ తగలనట్టు నడుస్తోంది.

"నాలుగు దినాలుంచు మామా. ఫ్లాట్ల మొరుగుతుందని పక్కోల్లు లొల్లి చేస్తుండ్రు."

"ఏం కుక్కరా గిది, సాగదీసినట్టున్నది?"

"డాష్‌హండ్ మామా. మస్తు కాస్ట్లీ."

ఆ మాట వినగానే కండక్టర్ సాబ్ మొహం మాడిపోయింది. బస్సు వాళ్లకు డాష్ అంటే ఒకటే. బండీ బండీ గుద్దుకోవడం. "సర్వీసంత ఒక్క డాష్ కాకుండ దిగిన. ఇప్పుడు ఇంట్ల తెచ్చి పెడ్తున్నవా?" అన్నాడు. పిల్లవాడు నవ్వుతూ కారెక్కాడు. నాలుగు దినాలు అన్న మాట అక్కడే దుమ్ములో పడిపోయింది. మళ్లీ కుక్క కోసం ఎవరూ రాలేదు. ఆ జాతి పేరు మాత్రం ఆయన తన గుమ్మంలో ఎవరినీ అననివ్వలేదు.

దానికి పట్నం వాళ్లు పెట్టిన ఇంగ్లీషు పేరు ఒకటి ఉండేది. ఆ పేరుతో నేను చిటిక వేసి పిలవబోతే ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు. ఆ పేరు పెట్టి పిలిచినోల్లే దించి పోయిండ్రు. ఇగ ఆ పేరు దానికెందుకు?"

"మరి ఏం పేరు పెడ్తరు సాబ్?"

"చూడాలె. ఊకె పెడితె కాదు." కాసేపు ఆగి ఊపిరి తీసుకున్నాడు. అప్పటికే ఆయనకు ఆయాసం ముదిరింది. నాలుగడుగులు వేస్తే ఛాతీ ఎగిసిపడేది. "నేను మస్తు దూరం పోను శంకరంపేటా. నాకెర్కే. నా తర్వాత దీన్ని ఎవలో ఒకలు పిలవాలె. పిలిస్తె ఇది రావాలె. పేరు లేకుంటె గల్లి కుక్కలల్ల కలుస్తది. గీ కాళ్లతోని గవాటితోని కొట్లాడుతదా?"

కుక్కకు పేరు పెట్టడమంటే సరదా అనుకున్నదాన్ని, అప్పుడు మిషను ఆపి ఆయన మొహంలోకి చూశాను. అక్కడ సరదా ఏమీ లేదు.

ఆయన పెట్టుకున్న షరతు ఒకటే. ఆ పేరు పెట్టి గల్లీలో పిలిస్తే మనుషులెవరూ తిరిగి చూడకూడదు. కుక్కకు నా పేరు పెట్టారే అని ఎవరూ నొచ్చుకోకూడదు. అందుకని రోజూ సాయంత్రం గల్లీ మూలన, ఇప్పుడు ఫ్లెక్సీ కట్టిన ఆ స్తంభం దగ్గర, చెయ్యెత్తి స్తంభానికి కట్టిన ఊత తీగ పట్టుకుని నిలబడి ఒక పేరు గట్టిగా పిలిచేవాడు. బస్సు ఆగినప్పుడు స్టేజి పేరు అరిచినట్టే ఉండేది ఆ గొంతు.

"రాజా" అంటే ఇస్త్రీ అతను తల బయటపెట్టాడు. "చిన్నా" అంటే మూడిళ్లలోంచి పలికారు. "మోతీ" అంటే కిరాణా సేటు భార్య వచ్చి, అది మా పుట్టింటోళ్లు పిలిచే పేరు, మీకెవరు చెప్పారని నిలదీసింది. ఆయన పరేషాన్ అయి ఆమెకు క్షమాపణ చెప్పి, రెండు రోజులు ఏ పేరూ పిలవలేదు. టామీలు అప్పటికే ఇద్దరున్నారు, ఇద్దరూ కుక్కలే, ఇద్దరూ వచ్చి దీన్ని వాసన చూసి బెదిరించి పోయారు.

ఇస్త్రీ అతను సలహా ఇచ్చాడు. "పల్లెవెలుగు అని పెట్టుండ్రి సాబ్. పొడుగున్నది గద."

ఇది కండక్టర్ సాబ్‌కు బాగా నచ్చింది. పొడుగు వల్ల కాదు. "నిజమే. పల్లెవెలుగు ప్రతి స్టేజిల ఆగుతది. ఇదీ ప్రతి స్తంభం కాడ ఆగుతది" అన్నాడు. ఆయన నవ్వగా నేను చూసింది తక్కువ. ఆ రోజు బాగా నవ్వాడు. నవ్వు దగ్గై, దగ్గు ఆయాసమై, స్తంభం పట్టుకుని వంగిపోయాడు. లేచాక "పేరు మంచిదే గని, పిలిచెటాళ్లకే దమ్ము అయిపోతది" అని కొట్టేశాడు.

పేరు దొరక్కుండానే వానకాలం గడిచింది. సాయంత్రం ఇద్దరూ నడకకు వెళ్లేవారు, చర్చి వైపు రోడ్డు దాకా. కాళ్లు పొట్టి దానికి, ఊపిరి పొట్టి ఈయనకు. అయినా అదే ముందు నడిచేది. వెనక నుంచి ఆయన గొంతు మా షాపు దాకా వినిపించేది. జర ఆగు. జర మెల్లగ. జర నన్ను రానియ్యి.

ఒక మధ్యాహ్నం ఆయన షట్టరు పట్టుకుని నిలబడ్డాడు, కుక్క గడపలో పడుకుని నిద్రపోతోంది. ఒకామె జాకెట్టు పట్టుకొచ్చి "అక్కా, జర చంకల కాడ లూజ్ చెయ్యవా" అంది. కుక్క దిగ్గున లేచి ఆమె కాళ్ల దగ్గరకు వెళ్లి తోక ఊపింది. ఆమె జడిసి బల్ల ఎక్కబోయింది. దాన్ని మళ్లీ పడుకోబెట్టాం. "జర తొందరగ ఇయ్యి, పెండ్లి ఉంది" అంది. కుక్క మళ్లీ లేచింది.

కండక్టర్ సాబ్ చెయ్యి షట్టరు అంచు మీదనుంచి కిందికి వచ్చింది. మొదటిసారి ఏ ఆసరా లేకుండా నిలబడ్డాడు.

"జర" అన్నాడు మెల్లగా, ఇంకేమీ కలపకుండా.

కుక్క ఆమెను వదిలేసి వచ్చి ఆయన పాదాల మీద గడ్డం ఆనించింది.

"పేరు అదే పెట్టుకున్నది శంకరంపేటా. మనం గల్లి గల్లంత ఒర్రుకుంట తిరిగినం."

నాకు నవ్వొచ్చింది, విసుగూ వచ్చింది. "అదేం పేరు సాబ్. మెదక్ మొత్తం పొద్దుగాల లేస్తె అదే మాట. ఎవలు అన్నా ఇది లేస్తది."

"లేవనియ్యి. మనుషులు ఎవలూ తిరిగి చూస్తలేరు గద" అన్నాడు. షరతు ప్రకారం చూస్తే ఆయన మాటే నిజం. ఆ మాటకు ఏ మనిషీ తిరిగి చూడడు.

నర్సాపూర్ సార్‌కు మాత్రం మింగుడుపడలేదు. గేటు దగ్గర నిలబడి చెప్పాడు. "జర అంటే ముసలితనం అండీ. జరామరణాలు అంటాం కదా. పెంచుకునే ప్రాణికి అట్లాంటి పేరు పెట్టకూడదు."

కండక్టర్ సాబ్ ఆలోచించాడు. కుక్క వంక చూశాడు. దాని మూతి మీద అప్పటికే తెల్ల వెంట్రుకలు వస్తున్నాయి. "మంచిగనే అయింది సార్. ఇద్దరికీ ఒక్కటే పేరు సరిపోతది" అని గేటు మీద రెండుసార్లు తట్టి "రైట్" అన్నాడు. సారు ఇంకా ఏదో చెప్పబోతూ ఉండగానే ఇద్దరూ నడిచి వెళ్లిపోయారు.

చలికాలం వచ్చేసరికి ఆయన నడక మా షాపు వరకే అయింది. ఒకరోజు ఆయన అడిగిన తీరు నాకు ఇప్పటికీ గుర్తే. నా మిషను కింద, నేను తొక్కే పెడల్ పక్కన చూపించి అడిగాడు.

"శంకరంపేటా, నీ మిషను కింద జర జాగ ఉంటదా దీనికి?"

తన పేరు వినిపించి కుక్క తలెత్తింది. నేను తలెత్తలేదు. నాకు జాగా ఎక్కడుందని. ముందు షాపు, వెనక వంటగది, మధ్యలో గుడ్డముక్కల మూటలు. పొద్దంతా వంగి కుట్టి నడుము పడిపోతుంది. సాయంత్రానికి అన్నం వండుకోవడమే పెద్ద పని. దీనికి ఎవరు వండాలి, ఎవరు కడగాలి, ఎవరు తిప్పాలి.

"నాకే జాగ లేదు సాబ్" అన్నాను.

"బస్సుల గూడ ఉండదు. జర సర్దుకుంటె అయితది" అన్నాడు. ఆ మాట మీద బలవంతం ఏమీ పెట్టలేదు. నిండిన బస్సులో ఇంకొకరిని ఎక్కించుకునేటప్పుడు అందరితో అన్నట్టే నాతోనూ అన్నాడు. నేను అవునని అనలేదు. ఆయన బల్ల మీద తట్టలేదు, రైట్ అని కూడా అనలేదు. కాసేపు నిలబడి వెళ్లాడు. ఆ తర్వాత పది పన్నెండు రోజులకు పోయాడు.

బామ్మర్ది కొడుకు వచ్చి అన్నీ పద్ధతిగా జరిపించాడు. ఇల్లు తాళం వేశాడు. కుక్క సంగతి అడగలేదు. అది మాత్రం మూసిన తలుపు దగ్గర ఒక పూట కూర్చుని, ఎవరో రోడ్డు మీద "జర సైడియ్యి భాయ్" అంటే లేచి, ఆ గొంతు వెంట కొంత దూరం నడిచి, తప్పు మనిషని తెలిసి తిరిగి వస్తూ నా షాపులోకి వచ్చింది. మిషను కింద పడుకుంది. ఎవరన్నా తీసుకుపోయేదాకా ఉండనీ అనుకున్నాను. అడిగినవాళ్లకు అలాగే చెప్పేదాన్ని. కండక్టర్ సాబ్ కుక్క, నాది కాదు అని.

అప్పటి నుంచి నా షాపులో ఆ మాట ఎన్నిసార్లు వినబడుతుందో నాకు తెలిసి వచ్చింది. జర నెక్ డీప్ పెట్టు. జర హుక్కులు గట్టిగ కుట్టు. జర రేటు తగ్గించు. వచ్చిన ప్రతి ఆడమనిషి అంటుంది, అన్నప్పుడల్లా అది లేస్తుంది. లేచి, ఆ మనిషి మొహం దాకా చూడలేక చీర కుచ్చిళ్ల దగ్గర వాసన చూసి, తిరిగొచ్చి పడుకుంటుంది. మళ్లీ ఎవరో అంటారు, మళ్లీ లేస్తుంది. చూసి చూసి నాకు ప్రాణం విసిగేది. ఒక్క మనిషి కోసం ఎంతమందిని వాసన చూస్తావే అని తిట్టేదాన్ని. తిట్టినా తోక ఊపేది.

పేరు మార్చబోయాను. రాజా అన్నాను, చిన్నా అన్నాను, పల్లెవెలుగు కూడా అన్నాను. చెవి కదపలేదు. వచ్చినవాళ్లను ఆ మాట అనొద్దని బతిమాలాను. "జర అనకుండ ఎట్ల మాట్లాడాలె అక్కా?" అని అడిగిందొకామె. నిజమే, నేను ప్రయత్నించి చూశాను. నీళ్లియ్యి. పక్కకు జరుగు. రేపు రా. అన్నీ కసిరినట్టే వచ్చాయి. ఇస్త్రీ అతను రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

ఈ మధ్య దాని వెనక కాళ్లు ఈడ్చుకుపోవడం మొదలైంది. ఇక్కడి పశువుల దవాఖానలో చూపించాను. ఈ జాతికి ఒళ్లు పొడుగు, వెన్ను బలం తక్కువ, ఊకె లేవనియ్యొద్దు, పట్నంలో పెద్ద దవాఖానకు తీసుకుపోండి అన్నారు. నాకూ డాక్టరు ఇదే చెప్పాడు, వెన్ను సంగతి, లేవడం సంగతి. ఇద్దరం ఒక మిషను దగ్గరే పాడయ్యాం అనుకున్నాను. తీసుకుపోవాలా వద్దా అని కొన్ని రోజులు నాన్చాను. నాది కాని కుక్క కోసం షాపు మూసుకుని పట్నం పోవడమేమిటి అని. అప్పుడే ఆ ఫ్లెక్సీ కట్టారు. ఫోటోలో కూడా ఆయన తిన్నగా నిలబడలేదు. ఒక భుజం పైకి లేచి ఉంది. చెయ్యి పైన దేన్నో పట్టుకుని ఉందని, ఫ్లెక్సీ వాళ్లు ఆ చెయ్యి కత్తిరించారని నాకు అర్థమైంది. మరునాడు పొద్దున షట్టరు ఎత్తలేదు.

కుట్టుబట్టలు మోసే పెద్ద సంచిలో పాత దుప్పటి వేసి దాన్ని పడుకోబెట్టి బస్టాండుకు వెళ్లాను. పట్నం బస్సు. ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయినప్పటి నుంచి ఏ బస్సులోనూ కాలు పెట్టే సందు ఉండదు. వెనక డోరు నుంచి ఎక్కి అక్కడే ఇరుక్కున్నాను. సంచి కాళ్ల మధ్య పెట్టుకున్నాను. బస్సు కదిలింది. కండక్టరు చిన్న వయసు పిల్ల. గుంపులో చిక్కుకుని, చెయ్యెత్తి కడ్డీ పట్టుకుని, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో అంది.

"జర జరుగుండ్రి. ముంగట జాగ ఉన్నది. జర ముంగటికి జరుగుండ్రి."

ఎవరూ కదల్లేదు. నేనూ కదల్లేదు.

సంచి కదిలింది. నేను వంగేలోపు అది బయటికి వచ్చేసింది. ముందు కాళ్ల మీద ఒళ్లు లాక్కుంటూ, వెనక కాళ్లు ఈడ్చుకుంటూ, చెప్పుల మధ్య నుంచి, మూటల పక్క నుంచి ముందుకు పోతోంది. ఆ గొంతు ముందుకు పొమ్మంది, అది పోతోంది. ఒకామె కింద చూసి కాలు తీసింది. "అయ్యో, కాళ్లు పడిపోయినయి దీనికి" అంది. ఆమె పక్కామె తప్పుకుంది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగా నడిమధ్య దారి పడింది. సర్వీసంతా ఆయన అడిగిన దారి అది. ఖాళీ సంచి చేతిలోకి తీసుకున్నాను. ఆ దారిలోనే దాని వెనకాల నడిచాను.

డ్రైవరు వెనక సీట్ల దగ్గరికి వెళ్లి, ఇక పోవడానికి లేక అది ఆగింది. వగరుస్తూ తలెత్తి అందరినీ చూస్తోంది. నేను వంగి ఎత్తుకున్నాను. కండక్టరు పిల్ల నా వెనకాలే వచ్చింది.

"ఎవలదక్కా గీ కుక్క?"

"నాదే" అన్నాను.

"పేరేంది?"

"జర" అన్నాను.

ఆ పిల్ల మిగతా మాట కోసం చూస్తోంది. పక్క సీట్లో కూర్చున్న పెద్దామె మాత్రం నేను జాగా అడిగాననుకుంది. ఒళ్లో మూట కాళ్ల కిందికి దింపి, కొంగు సర్దుకుని, కిటికీ వైపు జరిగింది.

"కూసో బిడ్డా" అంది.

కూర్చున్నాను.